గుండ్రటి ఇంటి పాత తలుపు

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గొలుసు పట్టుకుని చిత్తూరు జిల్లా అంతా తిరిగాను. శ్మశానాల హద్దులు కొలిచాను. పాడుబడ్డ బంగళాల్లో పడుకున్నాను. ఫలానా చోట దయ్యం ఉందని కూలీలు వెనకాడితే నేనే ముందు నడిచి రాయి పాతించేవాణ్ణి. అలాంటివాటిని నేను నమ్మలేదు, నమ్మేవాళ్ళతో వాదించనూ లేదు. వాదించడానికి అక్కడ ఏదైనా ఉండాలి కదా అనుకునేవాణ్ణి.

చదువుకునే రోజుల నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. ఎండ, వాన, ఎవరు వచ్చారు, ఎక్కడికి వెళ్ళాం, అంతవరకే. ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాగే చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను.

తిరుపతిలో మా ఇంటి పైకప్పు కారడం మొదలుపెట్టింది. లోపలి కడ్డీలు తుప్పు పట్టి పెచ్చులు ఊడుతున్నాయి. మొత్తం తీసేసి కొత్తగా పోయాలన్నాడు మేస్త్రీ. ఆ కొన్ని నెలలు ఎక్కడ ఉండాలా అని చూస్తుంటే నా భార్య సరోజ తమ్ముడు మునిరత్నం ఫోన్ చేశాడు. అతనికి ఐరాల దగ్గర మామిడితోట ఉంది.

"బాడుగిల్లు ఎందుకు బావా. నా రాకెట్టు ఇల్లు ఖాళీగానే ఉండాది గదా, వచ్చి ఉండండి" అన్నాడు.

ఆ ఇంటి గురించి కొంచెం చెప్పాలి. ఒక పెద్ద పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించినట్టు ఉంటుంది. అంతా తెల్లటి ఫైబరు. ఇటుక, సిమెంటు ఎక్కడా లేవు. కోడిగుడ్డు ఆకారంలో కిటికీలు. మనిషి వంగకుండా కిందికి దూరేంత ఎత్తులో ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. పుచ్చకాయను కోసినట్టు ఇల్లంతా ముక్కలుగా విడిపోతుంది. ముక్కకూ ముక్కకూ మధ్య బోల్టులు, రబ్బరు పట్టీలు. విప్పి లారీకెత్తుకుని ఇంకో ఊళ్ళో బిగించుకోవచ్చు. రాబోయే కాలంలో మనుషులందరూ ఇలాంటి ఇళ్ళలోనే ఉంటారని ఎప్పుడో ఏదో దేశంలో అనుకున్నారట. ఆ కాలం రాలేదు. ఇల్లు మాత్రం ఐరాల దాకా వచ్చింది.

మునిరత్నం దాన్ని కార్వేటినగరం వైపు ఒక రైతు దగ్గర కొన్నాడు. కాణిపాకం వచ్చే యాత్రికులకు రూముగా ఇద్దామని అతని ఆలోచన. ఎవరూ నిలవలేదు. "లోపల మూలల్లేవు బావా. సంచి యాడ పెట్టుకోవాల్నో తెలీక ఎల్లిపోతా ఉండారు" అని తనే నవ్వేవాడు.

మేము చేరిన మొదటి వారాలు హాయిగా గడిచాయి. ఇల్లు చల్లగా ఉంది. చుట్టూ చెట్లు. లోపల గోడలకు ప్లైవుడ్ పలకలు కొట్టి, వాటిపైన పువ్వుల కాగితం అంటించి ఉంది. తలుపు పడమటి వైపు, రోడ్డుకు ఎదురుగా ఉంది. తూర్పు వైపు గోడ కింద ప్లైవుడ్ కొంచెం ఉబ్బి ఉంటే వాననీళ్ళు దిగాయేమో అనుకున్నాను.

సరోజ లెక్కల టీచరుగా పనిచేసింది. నాకంటే ఆమె జ్ఞాపకమే గట్టిది. మధ్యాహ్నం కాఫీ ఆమే కలుపుతుంది. ఒకరోజు పేపరు చదువుతూ తలెత్తి చూస్తే ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని తూర్పు గోడకు ఎదురుగా నిలబడి ఉంది. ఎవరో తలుపు తట్టితే మన చేతిలో ఏదో ఉండి గడియ తీయలేక నిలబడతామే, అలాగ.

"తలుపు తీయండి. ఎవరో వచ్చినారు" అంది.

తలుపు ఇటు కదా అన్నాను. ఆమె వెనక్కి తిరిగి తలుపును చూసింది. మళ్ళీ గోడను చూసింది. "అవును గదా" అని నవ్వేసి, ఆ కాఫీ తెచ్చి నాకిచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

మరునాడూ అదే. ఆ తర్వాతి రోజూ అదే. ఈసారి నవ్వలేదు.

"ఆయమ్మ ఎండలో నిలబడుండాది. ఎంతసేపు నిలబెడతారు?" అంది.

నేను బయటికి వెళ్ళి ఇంటి చుట్టూ తిరిగి వచ్చాను. ఎవరూ లేరు. ఇంకొకటి కూడా గమనించాను. ఆ వేళకు సూర్యుడు పడమట ఉంటాడు. తూర్పు గోడ అవతల మొత్తం నీడ, దానికి తోడు మామిడిచెట్టు. ఆ చోట నిలబడినవాళ్ళ మీద ఎండ పడే వీలే లేదు.

సాయంత్రం ఆమెను నెమ్మదిగా అడిగాను. నీకు ఆమె కనబడుతోందా అని.

"మధ్యలో గోడ పెట్టుకుని యెట్ల కనబడుతుంది?" అంది.

మరి ఎలా తెలిసింది అంటే, "మీరు వంటింట్లోకి వస్తే నేను తిరిగి చూసి కనుక్కుంటానా? తెలుస్తుంది, అంతే" అంది.

మాటలో తడబాటు లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆమె అక్క ఇలాగే మొదలై, చివరికి కన్నబిడ్డల పేర్లు కూడా మరిచిపోయి కన్నుమూసింది. సరోజకు అదే వస్తోందనుకున్నాను. ఆ భయం ఆమెకూ ఉందని నాకు తెలుసు. ఇద్దరం ఆ మాట మాత్రం ఎత్తలేదు.

తిరుపతిలో డాక్టరుకు చూపించాను. తలకు స్కానింగ్ తీశారు. ఆయన ఆమెను ప్రశ్నలు అడిగాడు. నూరులోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. ఆమె ఆగకుండా పోయి, "చివర రెండు మిగిలింది సార్, ఇంక తీసేదానికి లేదు" అంది. ఆయన నవ్వి, ఇంతవరకు ఎవరూ చివరిదాకా పోలేదన్నాడు. కానీ నన్ను పక్కకు పిలిచి, లేని మనిషి ఉందనడం మంచి గుర్తు కాదు, మధ్యాహ్నం ఒక మాత్ర వేయండి అన్నాడు.

మాత్ర వేసుకుంటే ఆమె మధ్యాహ్నమంతా నిద్రపోయేది. లేచాక మాత్రం ఏడ్చేది. "దప్పికతో ఎల్లిపొయ్యింటుంది" అనేది. చీకటి పడేదాకా నాతో సరిగా మాట్లాడేది కాదు.

ఆమె పిచ్చిదని తేల్చడానికి నాకు మనసు రాలేదు. పిచ్చిది కాదని తేల్చే దారీ తెలియలేదు. నాకు తెలిసిన పని ఒకటే. ఒక హద్దు మీద తగువు వస్తే పాత కొలతకు పోతాం. అక్కడా తేలకపోతే దానికంటే పాతదానికి పోతాం. ఈ ఇంటికి కూడా అదే చేద్దామనుకున్నాను.

కార్వేటినగరం వెళ్ళాను. మునిరత్నానికి ఇల్లు అమ్మిన రైతు దొరస్వామి. పాత కోట దాటి కొంచెం లోపలికి వెళితే ఆయన తోట. ఇల్లు నిలబడ్డ సిమెంటు దిమ్మెలు ఇంకా ఉన్నాయి, వాటి మీద చింతపండు ఎండబెట్టారు. మా విషయం ఏమీ చెప్పలేదు. సాక్షికి మనం మాట అందించకూడదు, అది నా ఉద్యోగం నేర్పింది. ఇంటి కొలతలు, బిగించిన తీరు కావాలని మాత్రం అడిగాను.

ఆయన ఉత్సాహంగా చెప్పాడు. పాత ఫోటో చూసి దిమ్మెలు పోయించేసి, ఇల్లు బిగించాక వాస్తు చూసేవాణ్ణి పిలిచాడట. దిమ్మెలు ఉన్న తీరుకు వాకిలి దక్షిణానికి పడింది. ఇంటిని తిప్పాలంటే దిమ్మెలు పగలగొట్టాలి.

"గుండ్రంగుండే ఇంటికి దిక్కేంది, మూలేంది అని నేనూ అన్నాను సార్. మా ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోలేదు" అన్నాడు.

అందుకని దక్షిణం వాకిలిని ఫైబరుతో పూడ్చి, ఎదుటి వైపు ముక్కను కోసి కొత్త తలుపు పెట్టించాడు. పూడ్చినచోట లోపల ప్లైవుడ్, బయట రంగు. మునిరత్నానికి ఇది చెప్పలేదు, అతను అడగలేదు.

కొత్త తలుపుకు ఎదురుగా అంటే మా ఐరాలలో అది తూర్పు గోడ. నా భార్య నిలబడే చోటు.

నేను లేవబోతుంటే దొరస్వామి భార్య కుప్పమ్మ మజ్జిగ తెచ్చింది. ఆ ఇంట్లో ఎవరు ఉండేవాళ్ళమ్మా అని అడిగాను. తన అత్తగారు అంది. మిగతాది నేను అడగకుండానే చెప్పింది.

"మా అత్త పగలంతా బాగానే ఉండేది సార్. మద్దేనం అయితే సాలు, సెంబుతో మజ్జిగ తీసుకునిపొయ్యి ఆ పూడ్చిన గోడకాడ నిలబడేది. ఆయమ్మ ఎండలో నిలబడుండాది, తలుపు తీయండే అని అరిసేది. తీయకపోతే మజ్జిగ గోడకే పోసేది."

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ప్లైవుడ్ ఎందుకు ఉబ్బిందో తెలిసింది.

"ఆస్పత్రిలో సూపిస్తే మాత్రలు రాసినారు. వేసి పండుకోబెట్టేవాళ్ళం. అట్ల నిద్దరలోనే పొయింది. ఆమె సెప్పింది నిజమో అబద్దమో, ఒక్కసారన్నా పక్కన నిలబడి యెవరమ్మా అని అడగలేదు మేము" అంది కుప్పమ్మ. దొరస్వామి ఆమెను లోపలికి పొమ్మన్నాడు. ఆమె పోలేదు.

బస్సులో తిరిగివస్తూ నేను సంతోషపడ్డాను. ఒక ముసలామె అలా పోయిందని విని సంతోషపడటం ఏమిటని తర్వాత అనిపించింది గానీ, ఆ వేళ మాత్రం సంతోషమే. సరోజకు రోగం లేదు. ఆ గోడకే ఏదో ఉంది.

ఇంటికి రాగానే తూర్పు ముక్క మీద బయట రంగు గీకి చూశాను. తలుపు గీత కనబడింది. మిగతా ముక్కలకు అంచున ఒకే వరస బోల్టులుంటే దానికి మాత్రం, మొదట తలుపు మోసిన ముక్క కాబట్టి కాబోలు, రెండు వరసలున్నాయి. సరోజకు అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"అయితే మాత్ర వద్దుగా" అంది. డాక్టరుకు ఫోన్ చేసి అడిగి ఆపాము.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పాత వాకిలి మూసి కొత్తది పెట్టేటప్పుడు, పాత గడపకు పసుపు కుంకుమ పెట్టి, ఇకమీదట ఇటు రమ్మని చెప్పి, అక్కణ్ణుంచి కొత్త గడప దాకా నీళ్ళు చల్లుకుంటూ నడుస్తారు. ఇంటి దేవుడికీ పెద్దలకూ దారి తెలియాలని. ఆ ఫైబరు తలుపుకు గడపే లేదు. గడప లేదు కాబట్టి కార్వేటినగరంలో ఎవరికీ అది గుర్తు రాలేదు. వాస్తు కోసం వాకిలే మార్చిన మనుషులు ఈ ఒక్క పని మరిచారు. నమ్మకం లేని నేనే అది చేయిద్దామన్నాను. మునిరత్నం "సర్వేయరు బావ దారి సూపిస్తాడంట దయ్యానికి" అని వాళ్ళక్కతో అన్నాడు. కానీ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తనే తెచ్చాడు.

ప్లైవుడ్ ఊడదీశాం. సరోజ ఆ ఫైబరు గోడకు పసుపు రాసి బొట్టు పెట్టింది. "అమ్మా, ఈ తలుపు మూసేసినారు. అటు తిరిగి రా" అని గట్టిగా చెప్పింది. నీళ్ళు చల్లుకుంటూ పడమటి తలుపు దాకా నడిచి, దాన్ని బార్లా తెరిచి పెట్టింది. ముగ్గురం కాఫీ తాగకుండా కూర్చున్నాం. ఎవరూ రాలేదు. వస్తే ఏం చేయాలో కూడా అనుకోలేదు.

మరునాడు సరోజ గ్లాసుతో మళ్ళీ తూర్పు గోడ దగ్గరే నిలబడింది.

నిన్న మనం చెప్పింది ఆమె వినలేదా అన్నాను.

"విన్నింది. ఆయమ్మకు ఈ తలుపే తెలుసు" అంది.

ఆ గోడను కోసి తెరుద్దామని మునిరత్నాన్ని అడిగాను. అతను ఒప్పుకున్నాడు కూడా. తెరిచే ముందు, ఆ తలుపు మూయక మునుపు ఏం జరిగేదో తెలుసుకుందామని నేనే సూళ్లూరుపేట వెళ్ళాను. దొరస్వామి దాన్ని కొన్నది అక్కడే. రాకెట్టు ఎగరడం చూడటానికి వచ్చేవాళ్ళ కోసం ఒక వ్యాపారి ఆ ఇంట్లో జ్యూసు కొట్టు పెట్టించాడట. రాకెట్టు ఇల్లనే పేరు అక్కడ పుట్టిందే. ఆ వ్యాపారి బతికి లేడు. కొట్టులో పనిచేసిన ఆదిలక్ష్మి మాత్రం స్టేషను దగ్గర ఇడ్లీలు అమ్ముతోందని తెలిసింది.

ఆమెకూ నేను ఏ మాటా అందించలేదు. ఆ గుండ్రటి ఇంట్లో పని ఎందుకు మానేశావమ్మా అని మాత్రం అడిగాను.

"మానలేదయ్యా, తీసేసినారు. మద్దేనం పూట జూసు గలాసు తీసి మెట్టు మీద పెడతా ఉండానని. కొనేదానికి ఎవురూ లేకుండా యెవురికి పెడతా ఉండావే అని తిట్టినాడు మా ఓనరు. ఆయమ్మ ఎండలో నిలబడుంటే నేను లోపల ఫ్యాను కింద యెట్ల కూసునేది?"

అప్పుడు ఆ తలుపు మూసి లేదు. రోజంతా తెరిచే ఉండేది. లోపలికి రమ్మని పిలవలేదా అన్నాను.

"ఎన్నిసార్లో పిలిసినా. రాదు. పోదు."

ఆమె నన్ను ఆ స్థలానికి తీసుకువెళ్ళింది. బోడి నేల. వాకిలి పడమటికి ఉండేదట. నేను అక్కడ నిలబడ్డాను. ఎండ నేరుగా ముఖాన కొట్టింది. సరోజ చెప్పే ఎండ ఇదే అని నాకు తోచింది. అయితే ఈ ఊళ్ళో, ఈ చోట ఎవరికో ఏదో జరిగి ఉండాలి. ఇక్కడ ఎవరైనా పోయారా అని అడిగాను.

"లేదయ్యా. ఈడ చేరింది కాదు ఆయమ్మ. ఇల్లు బిగిస్తా ఉన్న రోజే, బోల్టులన్నీ ఎక్కక ముందే వచ్చి నిలబడింది. ఇంటితోపాటే వచ్చింది" అంది.

దానికి ముందు ఇల్లు చెన్నైలో ఒక ప్రదర్శనలో ఉండేదట. అక్కడిదాకా కూడా వెళ్ళాను. ప్రదర్శన జరిగిన మైదానంలో ఇప్పుడు అపార్టుమెంట్లు ఉన్నాయి. దిగుమతి చేసుకున్నవాళ్ళ ఆఫీసు లేదు, వాళ్ళను ఎరిగినవాళ్ళు లేరు. అంతకుముందు ఓడ, సముద్రం. ఎంత వెనక్కి వెళ్ళినా ఆమె అప్పటికే అక్కడ నిలబడి ఉంది. నా ఉద్యోగంలో మొదటి రాయి దొరకని హద్దు చూడలేదు. ఇక్కడ దొరకలేదు.

తలుపు తెరిచే ఆలోచన మానేశాను. తెరిచి ఉన్నప్పుడూ ఆమె లోపలికి రాలేదు కదా. మిగిలిన రోజులు మధ్యాహ్నం పూట నేనూ వెళ్ళి సరోజ పక్కన నిలబడేవాణ్ణి. నాకు ఏమీ తెలిసేది కాదు. ఆమె భుజం మాత్రం నా భుజానికి తగిలేది. కాఫీ గోడ దగ్గర నేల మీద పెట్టేవాళ్ళం. చల్లారేది. పారబోసేవాళ్ళం.

పైకప్పు పని అయ్యాక తిరుపతికి వచ్చేశాం. ఇక్కడ సరోజ ఏ గోడ దగ్గరా నిలబడలేదు. పరీక్షలన్నీ మళ్ళీ చేయించాను. బాగుంది. ఎప్పుడైనా కాఫీ వేళకు "పాపం" అని తనలో తను అనుకునేది, అంతే.

కొన్ని నెలల తర్వాత మునిరత్నం ఫోన్ చేశాడు. నేను అప్పుడు బజారులో ఉన్నాను. ఎవరో బ్రోకరు ద్వారా ఇల్లు అమ్మేశానని, పొద్దున విప్పి లారీకెత్తుకుని పోయారని చెప్పాడు. అక్కకు చెప్పొద్దు బావా అన్నాడు. నేను చెప్పలేదు. ఆమె ఫోను ఇంట్లో టేబుల్ మీదే ఉంది, దానికి ఎవరూ ఫోన్ చేయలేదని తర్వాత చూశాను కూడా.

నేను ఇంటికి వచ్చేసరికి కాఫీ వేళయింది. సరోజ గ్లాసు నా చేతికిచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఈ పొద్దు ఆయమ్మ నిలబడలేదు. దారిలో ఉండాది" అంది.

వెంటనే మునిరత్నానికి ఫోన్ చేసి ఇల్లు ఏ ఊరికి వెళ్ళిందో కనుక్కోమన్నాను. బ్రోకరు ఒకసారి హోసూరు వైపు అన్నాడు, ఇంకోసారి కడప వైపు అన్నాడు. కొన్నవాళ్ళ నంబరు పనిచేయడం లేదు. కొన్ని వారాలు అడిగీ అడిగీ బ్రోకరే ఫోను తీయడం మానేశాడు. ఇల్లు ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్ని ఊళ్ళు తిరిగి కనుక్కున్న నాకు ఎక్కడికి వెళ్ళిందో మాత్రం తెలియలేదు.

ఈమధ్య ఒకరోజు కాఫీ తాగుతూ సరోజ ఆగింది. ఎవరో దూరంగా మాట్లాడుతుంటే వింటున్నట్టు తల కొంచెం వంచింది. ముఖం తేలికపడింది.

"చేరింది. ఆడ కూడా ఒకామె ఉండాది. నీళ్ళు తీసుకునిపొయ్యి నిలబడుతా ఉండాది" అంది.

మంచిదే కదా అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది.

"ఆమె మాట ఇంట్లో ఎవరూ నమ్మడం లేదండీ" అంది.

ఇది ఎలా జరిగిందో, సరోజకు ఎలా తెలుస్తోందో నేను చెప్పలేను. చెప్పగలిగింది ఒకటే. మీ వైపు ఏ తోటలోనైనా, ఏ రోడ్డు పక్కనైనా తెల్లటి గుండ్రటి ఇల్లు కాళ్ళ మీద నిలబడి కనబడితే, దాని ముక్కల్లో ఒకదానికి రెండు వరసల బోల్టులున్నాయేమో చూడండి. ఉంటే ఆ ఇంట్లోవాళ్ళతో ఒక్కసారి మాట్లాడండి. నీళ్ళు పట్టుకుని గోడ దగ్గర నిలబడే ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తే తీసుకువెళ్ళనీ, వద్దనను. కానీ ఆమె ఆ గోడ దగ్గర నిలబడినప్పుడు ఎవరైనా పక్కన నిలబడమని చెప్పండి.